మూడోనాటి బుడిపె

మా ఇళ్ళల్లో క్షయ అనే మాట పైకి అనేవారు కారు. "వాళ్ళ పెద్దవాడికి అదేదో వుందిట" అనేవారు. ఆ "అదేదో" దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతట అదే తగ్గిపోయేది. కాస్త చదువుకున్నవాళ్ళు "లంగ్సు వీకు" అని ఇంగ్లీషు చాటుకు వెళ్ళేవారు. మా మేనత్త 1954లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో ఏడాదిన్నర వుండి, మందులు వాడి, ఒళ్ళు చేసి, నవ్వుతూ తిరిగి వచ్చింది. అది నేను పుట్టకముందు సంగతి. అయినా నా పెళ్ళి అయ్యేదాకా ఆ మాట నా చెవిని పడనివ్వలేదు. ఎప్పుడైనా ఆ ప్రస్తావన వస్తే "అప్పుడు మీ అత్త గాలిమార్పుకు వెళ్ళింది" అని మా నాయనమ్మ మాట మార్చేసేది.

ఇదంతా పాతకాలపు మనుషుల చాదస్తమనుకోవడానికి వీల్లేదు. మా తమ్ముడి కూతురు నర్సింగు చదివింది. రెండేళ్ళ క్రితం ఒక పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం వస్తే, చేరేముందు చేసే పరీక్షల్లో మాంటూ పరీక్ష కూడా చేశారు. ముంజేతి చర్మంలోకి సన్నటి సూదితో ఒక చుక్క ఎక్కించి, మూడోనాడు రమ్మన్నారు. మూడోనాటికి బుడిపె లేచింది. స్కేలు పెట్టి కొలిచి 15 మిల్లీమీటర్లు అని కాగితంమీద రాశారు. ఆ కాగితం ఎలా చేరిందో గాని, అప్పటికి దాదాపు ఖాయమైన సంబంధంవారి ఇంటికి చేరింది. పెళ్ళికొడుకు తల్లి మా మరదలికి ఫోను చేసి, "ఏమీ అనుకోకండి వదినగారూ, మావాడు ఇప్పుడే పెళ్ళి వద్దంటున్నాడు" అన్నది. ఎంతో మర్యాదగానే అన్నది. మా తమ్ముడు ఆ రాత్రే నాకు ఫోను చేసి, "అక్కయ్యా, నువ్వు ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పావు గదా, అసలు ఆ బుడిపెకు అర్థమేమిటి?" అని అడిగాడు.

అర్థం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. క్షయ సూక్ష్మజీవితో ఒంటికి పరిచయం జరిగిందని ఆ బుడిపె చెబుతుంది. జబ్బు వున్నదని చెప్పదు. ఇవి రెండూ ఒకటి కావు. ప్రపంచ జనాభాలో నాలుగోవంతు మందికి ఆ పరిచయం వుందని అంచనా. వారిలో నూటికి అయిదు మొదలు పదిమందికి మాత్రమే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అది జబ్బుగా మారుతుంది. మిగిలినవాళ్ళు ఆ సంగతి తెలియకుండానే మనుమలను ఎత్తుకుని, తృప్తిగా వెళ్ళిపోతారు. కాని మా తమ్ముడికి రెండు ముక్కలతో తృప్తి కలగలేదు. "ఆ చుక్కలో ఏముంటుంది? అది అబద్ధం చెప్పదని నమ్మకమేమిటి?" అన్నాడు. మంచి ప్రశ్నే. దానికి జవాబు వెతుకుతూ చదువుతుంటే, ఫ్లారెన్స్ సైబర్ట్ అనే ఆవిడ జీవితం నా చేతికి తగిలింది.

ముందు ఆ చుక్క పుట్టుక చెప్పాలి. 1882 మార్చి 24న బెర్లినులో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని చూపించాడు. అంతటితో ఆగితే బాగుండేది. 1890లో అదే మనిషి, ఆ జీవులను పెంచిన రసాన్ని కాచి వడకట్టి, క్షయకు మందు దొరికిందన్నాడు. అందులో ఏముందో మొదట బయటపెట్టలేదు కూడా. రోగులు రైళ్ళకొద్దీ బెర్లినుకు తరలివెళ్ళారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ అప్పట్లో ఒక చిన్న డాక్టరు. ఆయనా బెర్లిను వెళ్ళి చూసి, జనం తొందరపడుతున్నారని రాశాడు. ఆయన సందేహమే నిజమైంది. ఆ రసం క్షయను నయం చేయలేదు సరిగదా, కొందరి ప్రాణాలకే వచ్చింది. అయితే దానిలో ఒక గుణం మిగిలింది. క్షయ సోకిన ఒంట్లోకి అది వెళ్ళితే ఒళ్ళు ఉలిక్కిపడుతుంది, సోకని ఒళ్ళు పట్టించుకోదు. మందుగా ఓడిపోయినది పరీక్షగా పనికివచ్చిందన్నమాట. 1907లో వియన్నాలో పిర్కె అనే పిల్లల డాక్టరు చర్మంమీద గీకి ఆ రసం వేసి చూశాడు. 1908లో ఫ్రాన్సులో మాంటూ సూదితో చర్మంలోకే ఎక్కించాడు. మనవాళ్ళ నోళ్ళలో నలిగే మాంటూ పేరు ఆయనదే.

పరీక్ష దొరికింది గాని, రసం మాత్రం వంటింటి చారులాగే వుండేది. ఒక్కొక్క చోట ఒక్కొక్క రుచి. ఆ జీవులను పెంచడానికి పోసిన మాంసరసం ముక్కలూ అందులోనే, జీవులు విడిచిన పదార్థాలూ అందులోనే. ఈ ఊరి సీసాతో బుడిపె లేచినవాడికి ఆ ఊరి సీసాతో లేవకపోవచ్చు. చేతిమీద లేచినది క్షయ గుర్తో, పులుసులోని మరేదైనా పదార్థానికి వచ్చిన దద్దురో చెప్పడం కష్టం. ఒక పిల్లవాడిని బడి మాన్పించి మంచాన పడుకోబెట్టాలా వద్దా అనేది ఆ పులుసుమీద ఆధారపడి వుండేదంటే, ఆ తల్లిదండ్రుల సంగతి తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

ఫ్లారెన్స్ సైబర్ట్ 1897లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్ అనే ఊళ్ళో పుట్టింది. మూడో ఏట పోలియో వచ్చింది. కాళ్ళకు ఇనుపపట్టీలు వేసుకుని నడక నేర్చుకుంది. ఆ కుంటు జన్మంతా వదలలేదు. గౌచర్ కాలేజీలో చదివి, మొదటి ప్రపంచయుద్ధపు రోజుల్లో, మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళగా ఖాళీ అయిన చోట, ఒక కాగితపు మిల్లు ప్రయోగశాలలో తన కెమిస్ట్రీ టీచరుతోపాటు పనిచేసింది. ఆ తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో 1923లో డాక్టరేటు పుచ్చుకుంది.

యేల్‌లో ఆవిడకు దొరికిన సమస్య చూడడానికి చిన్నదే. రక్తనాళంలోకి మందు ఎక్కిస్తే కొన్నిసార్లు చలి, వణుకు, జ్వరం వచ్చేవి. మందుదే తప్పని అందరూ అనుకునేవారు. సైబర్ట్ మందును వదిలి నీళ్ళను పట్టుకుంది. ఆవిరిపట్టి తీసిన నీళ్ళే, శుభ్రమైనవే. కాని ఆవిరితోపాటు ఎగిరిపడే సన్నని తుంపరల్లో సూక్ష్మజీవుల తాలూకు పదార్థం కూడా అవతలి పాత్రలోకి చేరిపోతున్నది. జీవులు చచ్చినా ఆ పదార్థం చావదు, అది జ్వరం తెస్తుంది. తుంపర దాటిపోకుండా దారిలో అడ్డు పెట్టి ఆవిడ కొత్త పరికరం తయారుచేసింది. ఇవాళ మన ఇంట్లో ఎవరికైనా సెలైను బాటిలు కడితే, జ్వరం వస్తుందేమోననే భయం లేకుండా పక్కన కుర్చీలో కునుకు తీస్తున్నామంటే, అందులో ఆవిడ వాటా వుంది. క్షయ సంగతి పక్కన పెట్టినా, ఇది ఒక్కటే చాలు ఒక జన్మకు, నన్నడిగితే.

షికాగోలో ఎస్మండ్ లాంగ్ అనే డాక్టరు ఆవిడను పిలిచాడు. ఆయన తాను క్షయ పడి లేచినవాడు. కాక్ రసంలో పనిచేసే పదార్థమేదో విడదీయాలి అన్నాడు. సైబర్ట్ ఆ పనిలో దిగింది. 1932లో లాంగ్‌తోపాటు ఫిలడెల్ఫియాలోని హెన్రీ ఫిప్స్ సంస్థకు మారి, అక్కడా అదే పని సాగించింది. మొత్తంమీద ముప్పై ఏళ్ళు.

పద్ధతి వింటే మన ఆడవాళ్ళకు చప్పున అర్థమవుతుంది. ముందుగా, జీవులను మాంసరసంలో కాక, మాంసకృత్తులు బొత్తిగా లేని ఉప్పుల ద్రావణంలో పెంచారు. అప్పుడు అందులో ఏ మాంసకృత్తు కనిపించినా అది ఆ జీవిదే అవుతుంది. జీవులను వేడితో చంపి, వడకట్టారు. అది మామూలు వడపోత కాదు. అతిసన్నని పొరగుండా వడపోత. మాంసకృత్తుల పెద్ద అణువులు పొరమీద నిలుస్తాయి, చిల్లర సరుకు కిందికి పోతుంది. నిలిచినదానికి ఆమ్లం చేరిస్తే, నిమ్మరసం పిండిన పాలు విరిగినట్టు మాంసకృత్తు విరిగి అడుగుకు దిగుతుంది. కడగడం, మళ్ళీ కరిగించడం, మళ్ళీ విరగ్గొట్టడం, చివరికి ఆరబెట్టడం. పొడి మిగులుతుంది. దానికి పెట్టిన పేరు పి.పి.డి. శుద్ధిచేసిన మాంసకృత్తు అని దాని అర్థం. చెప్పడానికి అయిదు వాక్యాలే పట్టింది. ఆవిడకు పదేళ్ళు దాటింది. మధ్యలో 1937లో స్వీడనులోని ఉప్సలా వెళ్ళి, స్వెడ్‌బెర్గ్ దగ్గర మహావేగంతో తిరిగే యంత్రంలో ఆ అణువులను తిప్పి, వాటి బరువులు తూచి వచ్చింది.

ఆ తరువాత చేసిన పని నాకు మరీ నచ్చింది. పొడి తయారుచేయడం వచ్చింది గదా అని ఎప్పటికప్పుడు కొంచెం కొంచెం చేసుకోకుండా, ఒక్కసారే పెద్ద ఎత్తున ఒక రాశి తయారుచేసి, ఇదే కొలతరాయి అని పక్కన పెట్టింది. 1941లో దాని వివరాలు ప్రకటించింది. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే ప్రపంచమంతటికీ ప్రమాణంగా తీసుకున్నది. ఎవరు ఎక్కడ తయారుచేసినా ఆ రాశితో సరిచూసుకోవాలి. మన బజారులో తూకపురాళ్ళకు ముద్ర వేసినట్టు. మోతాదు ఎంతంటే, అయిదు యూనిట్ల చుక్కలో వుండే పొడి గ్రాములో కోటోవంతు! ఒక్క గ్రాము కోటిమంది చేతులకు సరిపోతుంది.

1938లోనే ఆవిడకు క్షయ పరిశోధనలో పెద్ద గౌరవమైన ట్రూడో పతకం ఇచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలో పూర్తి ప్రొఫెసరు పదవి మాత్రం 1955లో గాని రాలేదు. పదిహేడేళ్ళు! ఈ లెక్క చూసి నేను రెండోసారి కూడిక వేసుకున్నాను. ఆవిడ చెల్లెలు మేబెల్ కూడా ఆ ప్రయోగశాలలోనే అక్కకు చేదోడుగా పనిచేసింది. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి మాట తలపెట్టక, ఒకే ఇంట్లో కాపురమున్నారు.

సరే, పొడి నిజమైనదే. మరి ఒళ్ళు దాన్ని ఎలా గుర్తుపడుతుంది? బుడిపె గంటలో ఎందుకు లేవదు, రెండురోజులు ఎందుకు ఆగాలి? 1945లో న్యూయార్కులో మెరిల్ చేజ్ ఒక ముచ్చటైన ప్రయోగం ప్రకటించాడు. క్షయ సోకిన గినీపందుల రక్తపు నీటిని సోకనివాటికి ఎక్కిస్తే ఈ గుణం రాలేదు. కణాలను ఎక్కిస్తే వచ్చింది. అంటే జ్ఞాపకం నీళ్ళలో లేదు, కణాల్లో వుంది. ఇవాళ వాటిని టి కణాలంటున్నారు. పాత పరిచయస్థుడు వచ్చాడని ఒక కణం గుర్తుపట్టి, కబురు పంపి, మిగిలినవి ఒక్కొక్కటే చేరి గుమిగూడేసరికి రెండురోజులవుతుంది. గట్టిపడిన ఆ గుంపే బుడిపె. అందుకే కొలిచేటప్పుడు చుట్టూ వున్న ఎరుపును కొలవరు. వేలికి గట్టిగా తగిలిన మేర మాత్రమే కొలుస్తారు.

ఇదేదో ప్రయోగశాల ముచ్చట అనుకోకండి. రక్తపు నీటిలో వుండే ప్రతిరక్షకాలను చూసి క్షయ వుందో లేదో చెబుతామంటూ మనదేశంలో ఎన్నో ఏళ్ళు పరీక్షలు అమ్మారు. వేలు పోసి చేయించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. లేని జబ్బుకు మందు మింగినవారూ వున్నారు, వున్న జబ్బు లేదనిపించుకున్నవారూ వున్నారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడవద్దన్నది. 2012లో మన ప్రభుత్వం వాటిని నిషేధించింది. చేజ్‌గారి గినీపందులు 1945లో చెప్పిన సూచన మన వ్యాపారులకు వినపడడానికి అంతకాలం పట్టింది కాబోలు.

బి.సి.జి. సంగతి రాకుండా ఈ కథ నడవదు. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు 1908 మొదలు 13 ఏళ్ళపాటు పశువుల క్షయజీవిని పిత్తరసం పట్టించిన బంగాళాదుంప ముక్కలమీద 230 సార్లు తిరగనాటి, దాని కోరలు ఊడగొట్టారు. 1921లో మొదటిసారి పసిబిడ్డకు ఇచ్చారు. 1930లో జర్మనీలో ల్యూబెక్ పట్టణపు ప్రయోగశాలలో ఆ టీకాలో అసలు క్షయజీవి కలిసిపోయి 72 మంది శిశువులు చనిపోయారు. తప్పు టీకాది కాదని విచారణలో తేలినా, భయం పోలేదు. మనదేశంలో 1948లో గిండీలో బి.సి.జి. ప్రయోగశాల పెట్టి, ఊరూరా పరీక్ష చేసి టీకా వేయడం మొదలుపెట్టాక, 1955లో రాజాజీగారు ఈ టీకాను తానెందుకు వ్యతిరేకిస్తున్నారో ఒక పుస్తకమే రాశారు. మా నాన్న రాజాజీ భక్తుడు. అయినా మాకు టీకా వేయించాడు. చెల్లెలిని ఆరోగ్యవరం రైలెక్కించి వచ్చినవాడు గదా!

ఆ టీకా ఎంత పనిచేస్తుందో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లోనే 1950 నుంచి ఫ్రిమొట్ మొల్లర్ డాక్టరుగారు ఇంటింటికీ తిరిగి లెక్కలు తీశారు. ఇంగ్లండులో బడిపిల్లలమీద చూస్తే నూటికి డెబ్భైకి పైగా రక్షణ కనిపించింది. దానితో 1968లో చెంగల్పట్టు జిల్లాలో ప్రపంచంలోకెల్లా పెద్ద పరీక్ష మొదలైంది. రెండున్నర లక్షలమందికి పైగా జనం. ముందు అందరి చేతులమీదా సైబర్ట్ ప్రమాణపు పొడి చుక్క. బుడిపె కొలిచి, ఆ తరువాత కొందరికి టీకా, కొందరికి ఉత్త నీళ్ళు, ఎవరికేది వేశారో వేసినవారికే తెలియకుండా. ఏడున్నరేళ్ళ తరువాత లెక్క తీస్తే, పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయకు రక్షణ ఏమీ కనిపించలేదు. పదిహేనేళ్ళ తరువాత చూసినా అదే. చాలామందికి అది మింగుడుపడలేదు. మన మట్టిలో, నీళ్ళలో వుండే క్షయజీవి దాయాదులు అప్పటికే అక్కడి జనానికి పరిచయం కావడంవల్ల టీకాకు కొత్తగా నేర్పవలసినది మిగలలేదని కొందరంటారు. పసిబిడ్డలకు వచ్చే మెదడువాపు క్షయనుంచి మాత్రం బి.సి.జి. కాపాడుతుంది. అందుకే ఇప్పటికీ పుట్టగానే భుజంమీద వేస్తున్నారు. పెద్దవాళ్ళకోసం ఎం72 అనే కొత్త టీకామీద 2024లో దక్షిణాఫ్రికాలో పెద్ద పరీక్ష ప్రారంభించారు.

మా మేనకోడలి బుడిపె ఇక్కడికి వచ్చి ఆగింది. సైబర్ట్ పొడిలో ఎన్నో మాంసకృత్తులున్నాయి. వాటిలో కొన్ని బి.సి.జి. జీవికీ, మట్టిలోని దాయాదులకూ కూడా వున్నాయి. మరి పిల్ల చేతిమీద లేచినది ఎవరిని చూసి? 1990లలో తేలినదేమంటే, ఆ 230 తిరగనాటుల్లో బి.సి.జి. జీవి తన వంశపు ఆస్తిలో ఒక ముక్క పోగొట్టుకుంది. ఆ ముక్క తయారుచేసే మాంసకృత్తులు అసలు క్షయజీవికి వున్నాయి, బి.సి.జి.కి లేవు. పిల్ల రక్తం తీసి, అందులోని కణాలకు ఆ మాంసకృత్తులను చూపించి, అవి గుర్తుపట్టి కబురు పంపుతాయేమో చూస్తారు. చేయించాము. కణాలు గుర్తుపట్టాయి. ఛాతీ ఎక్సురే శుభ్రంగా వుంది. దగ్గు లేదు, జ్వరం లేదు. జబ్బు లేదు, పరిచయం వుంది. ఆస్పత్రి వార్డుల్లో మూడేళ్ళు తిరిగిన పిల్లకు పరిచయం లేకపోతేనే ఆశ్చర్యం.

మా మరదలు ఆ రాత్రి భోజనం చేయలేదు. "బుడిపె అబద్ధమని తేలితే వాళ్ళకు మళ్ళీ కబురు చేద్దామనుకున్నాను వదినా" అన్నది. పిల్ల మాత్రం, "అత్తయ్యా, పరిచయం వున్న సంగతి నాకు తెలిసింది. వాళ్ళబ్బాయికి వుందో లేదో వాళ్ళకే తెలియదు" అని నవ్వింది. డాక్టరు వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు మందు ఇచ్చారు. నిద్రపోతున్న జీవి ముందుముందు లేవకుండా. అమావాస్య, పౌర్ణమి చూడకుండా ప్రతి శనివారం మింగింది. మా మేనత్తకు ఏడాదిన్నర పట్టింది. 1956లో మద్రాసులో జరిగిన పరీక్షలో, ఇంట్లో వుండి మందు తీసుకున్నవారికీ శానిటోరియంలో వున్నవారికీ ఇంచుమించు ఒకే ఫలితమని, ఇంట్లోవాళ్ళకు అదనపు ప్రమాదమూ లేదని తేలింది. రెండేళ్ళు ఆలస్యంగా జబ్బుపడితే మా అత్త "గాలిమార్పు" లేకుండానే బాగుపడేదేమో!

సైబర్ట్ పదవి విరమించి, చెల్లెలితో ఫ్లారిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి, జీతం లేకుండా కేన్సరు పరిశోధన చేస్తూ కూర్చుంది. తన జీవితకథ 1968లో అచ్చువేసింది. సరిగ్గా ఆ ఏడే చెంగల్పట్టు పల్లెల్లో ఆవిడ పొడి చుక్కలు జనం చేతుల్లోకి ఎక్కడం మొదలైంది. 1991లో, తొంభైమూడో ఏట పోయింది.

2022 తరువాత మనదేశంలో సై-టిబి అని కొత్త సూది వచ్చింది. చుక్కలో సైబర్ట్ పొడికి బదులు, బి.సి.జి. పోగొట్టుకున్న ఆ మాంసకృత్తులు మాత్రమే వుంటాయి. దానికీ ముంజేయే, దానికీ రెండుమూడు రోజులు ఆగడమే, దానికీ స్కేలే. మా మేనకోడలు ఇప్పుడు పనిచేసేచోట ఆ కొలతలు తీసేది తనే. బాల్‌పెన్నుతో చర్మంమీద పక్కనుంచి మెల్లగా గీస్తూ వస్తే, బుడిపె అంచు దగ్గర పెన్ను తనంతట తనే ఆగుతుందట. అక్కడ చుక్క పెడుతుంది, అవతలివైపు నుంచి మరొక చుక్క పెడుతుంది, రెంటి మధ్య కొలుస్తుంది. కొలత కాగితంమీద రాసేముందు, "ఇది జబ్బు కాదమ్మా, పరిచయం" అని చెబుతుంది. వచ్చినవాళ్ళల్లో సగంమంది మాత్రం, "ఇంట్లో చెప్పకండి సిస్టర్" అని అడుగుతారట.